మొక్కజొన్నకు యూరియా ఇంకో దఫా వేయాలా? నాలుగు సాళ్లే చెప్తాయి

మోకాలెత్తు దాటాక చేను కాస్త లేతగా కనిపిస్తే చాలు, ఇంకో దఫా యూరియా వేయాలా వద్దా అని టెన్షన్. ఇప్పటి హైబ్రిడ్లు టన్ను గింజకు 20 కిలోలకు పైనే నత్రజని లాగుతాయి కాబట్టి మానేయడానికి భయం, ఊరికే వేస్తే డబ్బు దండగ.

నేను చేస్తున్నది ఇదీ. మొలకెత్తిన రెండు వారాలకు, చేను మధ్యలో 5 మీటర్ల పొడవున నాలుగు సాళ్లు, అంటే సుమారు 10 చదరపు మీటర్లు గుర్తు పెట్టి, మామూలు మోతాదుకి అదనంగా 200 గ్రాముల యూరియా పదునులో మొదళ్లకు కొంచెం దూరంగా వేసి మట్టి కప్పుతాను. ఆ సాళ్లకి నత్రజని కొరత ఉండదు కాబట్టి పోల్చడానికి అవే కొలత. ఇక ప్రతి దఫాకి ముందు ఆ సాళ్లనీ పక్క సాళ్లనీ, ఎండకు వీపు పెట్టి, ఒకే వరుస ఆకుల్ని పోల్చి చూడాలి. పక్కవి వెలిసినట్టుంటే, ముఖ్యంగా కింది ఆకుల కొన నుంచి ఈనె వెంట పసుపు దిగుతుంటే వెంటనే వేయండి. తేడా లేకపోతే వారం ఆగి మళ్లీ చూడండి, కానీ మొక్క పైన జల్లు (మగపూత) వచ్చేదాకా సాగదీయొద్దు.

చేలో నీళ్లు నిలిచినా, బెట్టగా ఉన్నా, జింకు లోపంతో లేతాకుల మీద తెల్ల చారలున్నా ఈ పోలిక నమ్మకండి, రెండు వైపులా పాలిపోయే కనిపిస్తాయి.