ఎండ నుంచి చర్మాన్ని కాపాడుకోవడం ఊరికి నేర్పించడం ఎలా?

తిరుపతి, చిత్తూరు వైపు ఎండ మాట ఎత్తితే అందరికీ గుర్తొచ్చేది వడదెబ్బ. చర్మ క్యాన్సర్ అంటే మాత్రం "మాలాంటి నల్లోళ్లకు ఎండేం చేస్తాది?" అంటారు. అందులో కొంత నిజముంది. మన చర్మంలో మెలనిన్ (చర్మానికి రంగునిచ్చే పదార్థం) ఎక్కువ కాబట్టి తెల్ల చర్మం వాళ్లతో పోలిస్తే మనకు ఈ క్యాన్సర్ బాగా తక్కువ. కానీ తక్కువ కాబట్టే ఎవరికీ అనుమానం రాదు, పుండు ముదిరాక గానీ ఆస్పత్రికి పోరు. అందుకే ఊరందరినీ భయపెట్టే మీటింగ్ వద్దు. ముప్పు ఉన్నవాళ్ల దగ్గరికి పోయే కార్యక్రమం కావాలి.

ముందు ఎవరి కోసమో తేల్చుకోండి

ఆశా కార్యకర్తతో, అంగన్‌వాడీ టీచర్‌తో ఒక సాయంత్రం కూర్చుంటే చాలు, ఏ ఇంట్లో ఎవరున్నారో వాళ్లకు తెలుసు. మొదట రాసుకోవాల్సింది ఆల్బినిజంతో పుట్టినవాళ్ల పేర్లు. ఒళ్లు, జుట్టు తెల్లగా ఉండి, వెలుతురు చూస్తే కళ్లు చికిలించే పిల్లలు వీళ్లు. చర్మంలో మెలనిన్ దాదాపు ఉండదు కాబట్టి చిన్న వయసులోనే చర్మ క్యాన్సర్ వచ్చే ముప్పు వీళ్లకు చాలా ఎక్కువ. ఊళ్లో అలాంటి పిల్ల ఒక్కతే ఉన్నా, కార్యక్రమం ఆమె కోసమే మొదలుపెట్టినా తప్పులేదు. మైకులో పేరు చెప్పకండి, స్టేజీ ఎక్కించకండి. ఇంటికెళ్లి అమ్మానాన్నలతో మాట్లాడండి. బడిలో హెడ్‌మాస్టర్‌ను కలిసి మూడు విషయాలు అడగండి: చూపు తక్కువ కాబట్టి ముందు బెంచీ, ఆటల పీరియడ్‌లో నీడ, గ్రౌండ్‌లో ప్రార్థన జరిగేటప్పుడు టోపీ పెట్టుకోనివ్వడం.

తర్వాత పొద్దంతా ఎండలో ఉండేవాళ్లు: మామిడి తోటల్లో కాయ కోసేవాళ్లు, ఉపాధి పనికి పోయేవాళ్లు, మేస్త్రీ పనివాళ్లు, తోపుడు బండ్ల వాళ్లు. అవయవ మార్పిడి తర్వాత మందులు వాడేవాళ్లు ఉంటే వాళ్ల పేర్లూ రాసుకోండి, వాళ్లకూ ఈ ముప్పు ఎక్కువ.

నీడతో పాఠం చెప్పండి

చర్మానికి చేటు చేసేది వేడి కాదు, అతినీలలోహిత కిరణాలు. అవి కంటికి కనబడవు, ఒంటికి తెలియవు. పలచటి మబ్బు ఉన్నా చాలావరకు దిగుతాయి. దీన్ని మాటల్లో చెబితే ఎవరికీ ఎక్కదు. చేసి చూపించాలి.

బడి గ్రౌండ్‌లో ఒక పిల్లవాణ్ణి నిలబెట్టి వాడి నీడ చుట్టూ చాక్‌పీసుతో గీయించండి. పొద్దున ఎనిమిదికి ఒకసారి, పదికి ఒకసారి, పన్నెండుకు ఒకసారి. నీడ మనిషి కంటే పొట్టిగా ఉందంటే కిరణాలు బలంగా ఉన్నట్టు. మన దగ్గర వేసవిలో పొద్దున తొమ్మిది దాటిన దగ్గర్నుంచి మధ్యాహ్నం మూడు దాటేదాకా నీడ పొట్టిగానే ఉంటుంది. ఏప్రిల్ చివర్లో ఒకసారి, ఆగస్టు నడుమ ఒకసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ మధ్యాహ్నం నీడ కాళ్ల కిందే ఉండిపోతుంది, పిల్లలు నోరెళ్లబెట్టి చూస్తారు. డిసెంబరులో గాలి చల్లగా ఉన్నా మిట్టమధ్యాహ్నం నీడ పొట్టిగానే ఉంటుందని కూడా చూపించండి. జాగ్రత్త ఒక్క రోహిణి కార్తెకే కాదని అప్పుడు అర్థమవుతుంది. ఫోన్ ఉన్నవాళ్లకు వాతావరణం యాప్‌లో యూవీ ఇండెక్స్ (ఈ కిరణాలు ఎంత బలంగా ఉన్నాయో చెప్పే అంకె) చూడటం నేర్పండి. 3 గానీ అంతకు మించి గానీ ఉంటే చర్మాన్ని కాపాడుకోవాలి, 11 అంటే అతి తీవ్రం.

వేళలు మార్చే పని

ఆస్ట్రేలియాలో 1981లో చొక్కా తొడుక్కోండి, క్రీమ్ రాసుకోండి, టోపీ పెట్టుకోండి అని టీవీలో పాట కట్టి ప్రచారం చేశారు. అది బీచ్‌కు పోయే జనానికి సరిపోయింది. మన కూలీలకు మాత్రం మొదట కావాల్సినవి నీడ, పని వేళ. తోట యజమానితో, మేస్త్రీతో మాట్లాడి తెల్లవారగానే పని మొదలయ్యేలా, ఎండ ముదిరేలోపు ముగిసేలా ఒప్పించండి. పని దగ్గర చలువ పందిరి వేయించండి.

ఒంటిపూట బడుల సంగతి నాకు నిజంగా బాధగా ఉంటుంది. పిల్లల్ని ఎండ నుంచి కాపాడాలనే పెట్టారు, కానీ బడి వదిలేది పన్నెండున్నరకు, నీడ కాళ్ల కింద ఉండే వేళకే. గొడుగు, టోపీ బ్యాగులో ఉన్నాయా అని టీచర్లు ఫిబ్రవరి నుంచే అడగడం మొదలుపెట్టాలి.

బట్ట ముందు, క్రీమ్ తర్వాత

తువ్వాలును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడమనండి. అవతల వెలుతురు బాగా కనబడితే ఆ బట్ట సరిగ్గా కాపాడదు. దట్టమైన నేత, నిండు చేతుల చొక్కా మేలు. మామూలు క్యాప్ చెవులను, మెడను కప్పదు. పొదుపు సంఘంలో కుట్టు మిషన్ ఉన్నవాళ్లతో, చుట్టూ అంచు ఉండి వెనక మెడ మీదికి గుడ్డ జారే టోపీలు కుట్టించండి. చలివేంద్రం దగ్గర పెడితే నీళ్లు తాగడానికి ఆగినవాళ్లు పెట్టుకుని చూస్తారు.

సన్‌స్క్రీన్, అంటే ఎండ కిరణాల్ని అడ్డుకునే క్రీమ్, ఖర్చుతో కూడింది. చందా డబ్బు ఉంటే ముందు ఆల్బినిజం ఉన్నవాళ్లకు కొనివ్వండి. ఎస్పీఎఫ్ (క్రీమ్ ఎండను ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 30 గానీ అంతకు మించి గానీ ఉండాలి. చూపుడు వేలు, నడిమి వేలు పొడవునా గీతలా పెట్టుకుంటే ముఖానికి, మెడకు సరిపోతుంది. రెండు గంటలకోసారి, చెమట పట్టాక మళ్లీ రాయాలి. ఫెయిర్‌నెస్ క్రీమ్ సన్‌స్క్రీన్ కాదు. తెల్లబడటానికని స్టెరాయిడ్ కలిసిన క్రీములు వాడితే చర్మం పలచబడి ఎండకు ఇంకా తట్టుకోలేదు.

తిరుపతిలో ఉండేవాళ్లకు ఇంకో పని ఉంది. కొండపై గుండు చేయించుకుని దిగేవాళ్ల తల, అంతవరకు జుట్టు కింద దాగిన చర్మం, ఒక్కసారిగా ఎండలో పడుతుంది. గంధం చల్లదనం ఇస్తుందే గానీ కిరణాల్ని ఆపే పని దాన్ని నమ్ముకుని వదిలేయలేం. లాడ్జిల వాళ్లు, జీపు డ్రైవర్లు "పిల్లోడి తలకు తువ్వాలు కప్పండమ్మా" అని ఒక్క మాట అంటే చాలు.

చూసుకోవాల్సిన గుర్తులు

ఇది ఎండతో సంబంధం లేనివాళ్లకూ చెప్పాలి. మనలాంటి చర్మం ఉన్నవాళ్లకు మెలనోమా అనే రకం చర్మ క్యాన్సర్ తరచూ అరికాలిలో, అరచేతిలో, గోరు కింద వస్తుంది, దానికి ఎండ కారణం కాదు. కాలిన పాత మచ్చ మీద, ఏళ్ల తరబడి మానని పుండులో కూడా క్యాన్సర్ పుట్టొచ్చు. కాబట్టి నెలకోసారి అరికాళ్లు తిప్పి చూసుకోమనండి. నెల దాటినా మానని పుండు, ఊరికే రక్తం కారే గడ్డ, పెరుగుతున్న లేదా రంగు మారుతున్న పుట్టుమచ్చ, గోరులో వెడల్పవుతున్న నల్ల గీత కనబడితే డాక్టరుకు చూపించాలి. షుగర్ ఉన్నవాళ్లు "షుగర్ పుండేలే" అని వదిలేస్తారు, వాళ్లకు మరీ గట్టిగా చెప్పండి. సున్నం, ఆకు పసరు పూయవద్దు. తిరుపతిలో రుయా ఆస్పత్రి, స్విమ్స్ ఉన్నాయి. చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తేనే సంగతి తేలుతుంది. తొలి దశలో పట్టుకుంటే చాలావాటికి చిన్న ఆపరేషన్ సరిపోతుంది.

ఆస్పత్రికి పంపినవాళ్ల పేర్లు ఒక నోటు పుస్తకంలో రాసి ఆశా కార్యకర్త దగ్గర ఉంచండి. ముక్క పరీక్ష రిపోర్టు ఆ రోజే చేతికి రాదు, కూలి పోతుందని చాలామంది మళ్లీ వెళ్లరు. వారం తర్వాత ఫోన్ చేసి రిపోర్టు తెచ్చుకున్నారా అని అడగండి. తెచ్చుకోకపోతే తోడు ఒకరిని పంపండి.