అసాధారణ ఉత్తర్వుల రోజులు రాకముందే: విజయవాడ, గుంటూరు పౌరులకు జాగ్రత్తలు

ప్రభుత్వం పడిపోతుందన్న వార్త, రాష్ట్రపతి పాలన వస్తుందన్న ప్రచారం, నగరంలో నిషేధాజ్ఞలు, కనకదుర్గ వారధి మీద బండ్ల తనిఖీ. ఇవన్నీ ఒకే వారంలో వచ్చిపడితే చట్టం చదువుకునే తీరిక ఎవరికీ ఉండదు. అందుకే ఊరు ప్రశాంతంగా ఉన్నప్పుడే కొన్ని విషయాలు తెలుసుకుని పెట్టుకోవాలి. అన్నిటికంటే ముందు అలవాటు చేసుకోవలసింది ఒకటుంది. ఉత్తర్వు రాష్ట్రపతిదైనా స్థానిక ఎస్సైదైనా, అది కాగితం మీద ఉందా, కారణం రాశారా అని మర్యాదగా, భయం లేకుండా అడగడం.

ఆ ప్రశ్న విలువ దేశానికి 1975లో తెలిసింది. జూన్ 25 రాత్రి రాష్ట్రపతి ఫకృద్దీన్ అలీ అహ్మద్ అత్యవసర పరిస్థితి ప్రకటన మీద సంతకం చేశారు. కేంద్ర మంత్రివర్గానికి ఆ సంగతి మర్నాడు పొద్దున గానీ తెలియలేదు. అందుకే 1978లో రాజ్యాంగానికి 44వ సవరణ తెచ్చారు. మంత్రివర్గ నిర్ణయం రాతపూర్వకంగా అందితే తప్ప రాష్ట్రపతి ఇప్పుడు అలాంటి ప్రకటన చేయకూడదు. ‘అంతర్గత కల్లోలం’ అన్న కారణం పోయి ‘సాయుధ తిరుగుబాటు’ అన్న మాట వచ్చింది. నెలలోపు ఉభయ సభలూ ప్రత్యేక మెజారిటీతో ఆమోదించాలి, ఆ తరువాత ఆరు నెలలకోసారి మళ్లీ ఆమోదించాలి. అత్యవసర పరిస్థితిలో కూడా రాజ్యాంగంలోని 20, 21 అధికరణాల హక్కులను, అంటే అన్యాయమైన శిక్షల నుంచి రక్షణ, ప్రాణ స్వేచ్ఛల హక్కును నిలిపివేయకూడదు. రేపు ఎవరైనా ‘ఎమర్జెన్సీ వచ్చింది, ఇక కోర్టులు పనిచేయవు’ అంటే నమ్మకండి. 1976లో సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తుల మాటతో అలాంటి తీర్పే ఇచ్చింది, హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారు. 2017లో అదే కోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది.

మన రాష్ట్రం సంగతి కూడా దాచుకోకుండా చెప్పుకోవాలి. 1977 మార్చి ఎన్నికల్లో ఉత్తరాది అంతా అప్పటి అధికార పక్షాన్ని ఓడిస్తే, ఆంధ్రప్రదేశ్ 42 లోక్‌సభ స్థానాల్లో 41 దానికే ఇచ్చింది. మిగిలిన ఒక్కటీ నంద్యాల. అక్కడ గెలిచిన నీలం సంజీవరెడ్డి కొద్ది నెలలకే రాష్ట్రపతి అయ్యారు. పత్రికల మీద సెన్సార్ ఉన్నప్పుడు పక్క రాష్ట్రంలో ఏం జరుగుతోందో కూడా మనకు సరిగా చేరలేదన్నది నా అభిప్రాయం. కాబట్టి ఒకే ఛానల్, ఒకే వాట్సాప్ గ్రూపు మీద ఆధారపడకండి. ప్రకటన వెలువడిందంటే దాని గెజిట్ ప్రతి ఉంటుంది. దాన్ని తెచ్చి చదివి, అర్థం కానిది వకీలును అడిగి, ఆ తరువాతే పదిమందికి పంపండి.

రాష్ట్రపతి పాలన మనకు కొత్త కాదు: 1954, 1973, 2014లో చూశాం. అది రాజ్యాంగం 356వ అధికరణం కింద వస్తుంది. ఇక్కడ గుర్తుంచుకోవలసింది 1994లో సుప్రీంకోర్టు ఇచ్చిన బొమ్మై తీర్పు. ముఖ్యమంత్రికి బలం ఉందో లేదో తేలవలసింది శాసనసభలోనే. పార్లమెంటు ఆమోదించేదాకా సభను రద్దు చేయకూడదు. ఏ ఆధారాలతో ప్రకటన చేశారో కోర్టు పరిశీలించవచ్చు. 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసినప్పుడు ఈ తీర్పు లేదు. రామారావు తన ఎమ్మెల్యేలను ఢిల్లీలో రాష్ట్రపతి జైల్‌సింగ్ ముందు నిలబెట్టారు, ఇక్కడ జనం వీధుల్లోకి వచ్చారు. సెప్టెంబరు 16న ఆయన తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. దక్షిణ కొరియాలో 2024 డిసెంబరు 3 రాత్రి అధ్యక్షుడు సైనిక శాసనం ప్రకటిస్తే, పౌరులు నేరుగా పార్లమెంటు గేటు దగ్గరికి వెళ్లారు. కొందరు సభ్యులు గోడలు దూకి లోపలికి చేరారు. 190 మంది ఏకగ్రీవంగా ఓటేస్తే తెల్లవారేసరికి ఆ ప్రకటన ఉపసంహరించక తప్పలేదు. ఏ సంస్థకు ఆ ఉత్తర్వును ఆపే అధికారం ఉందో తెలుసుకుని, జనం అక్కడికి వెళ్లి దానికి అండగా నిలబడ్డారు. మనం నేర్చుకోవలసింది అదే.

ఇక వీధిలోకి వచ్చే సంగతి. ధర్నా చౌక్‌లో కూర్చోవాలన్నా ఊరేగింపు తీయాలన్నా పోలీసులకు ముందుగా రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, ముద్ర వేసిన నకలు తీసుకోండి. నిరాకరిస్తే ఆ నిరాకరణనూ కాగితం మీదే ఇవ్వమనండి. హైకోర్టుకు వెళ్లాలంటే చేతిలో ఉండవలసింది అదే. అందరూ 144 అని పిలిచే నిషేధాజ్ఞ 2024 జూలై 1 నుంచి, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక సురక్షా సంహితలో సెక్షన్ 163. విజయవాడలో ఆ ఉత్తర్వు పోలీసు కమిషనర్ ఇస్తారు. రెండు నెలలకు మించి చెల్లదు, రాష్ట్ర ప్రభుత్వం పొడిగిస్తే మరో ఆరు నెలలు. ఆ ఉత్తర్వులను ప్రచురించాలనీ, కారణాలు రాయాలనీ, ఊరికే మళ్లీ మళ్లీ జారీ చేయకూడదనీ 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

రద్దీ విషయంలో మాత్రం ప్రభుత్వం చెప్పే మాటను కొట్టిపారేయకండి. 2022 డిసెంబరు 28న కందుకూరులో తొక్కిసలాటకు ఎనిమిది మంది, 2023 జనవరి 1న గుంటూరులో ముగ్గురు మహిళలు బలయ్యారు. ఆ మర్నాడే రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ జీవో నంబర్ 1 వచ్చింది, మే నెలలో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. ఆ రెండూ కలిపి చూడాలి: సభ పెట్టే హక్కు నిలబడింది, చనిపోయినవాళ్లు మాత్రం తిరిగి రారు. సందులో సభ పెట్టకండి. అంబులెన్సుకు దారి వదలండి. మే నెల ఎండలో పెద్దవాళ్లను గంటలకొద్దీ కూర్చోబెట్టకండి. రాయి విసిరేవాడు ఎవరైనా మనవాడు కాదని మైకులో ముందే చెప్పండి. ప్రభుత్వ ఆస్తి ధ్వంసం కింద కేసు పడితే ఉద్యమం సంగతి అందరూ మరచిపోతారు, కేసు మాత్రమే మిగులుతుంది.

పెద్ద కార్యక్రమం ఉన్న రోజు తెల్లవారుజామునే ఇంటి ముందు పోలీసులు నిలబడి ‘మీరు హౌస్ అరెస్ట్’ అనడం మన దగ్గర మామూలైపోయింది. ఏ సెక్షన్ కింద ఆపుతున్నారో చెప్పి నోటీసు ఇవ్వమని అడగండి. నేరం జరగకుండా ఆపడానికి అదే సంహితలోని సెక్షన్ 170 కింద అరెస్టు చేసే అధికారం వాళ్లకు ఉంది. కానీ వేరే చట్టం కింద అవసరమైతే తప్ప 24 గంటలు దాటి ఉంచకూడదు. నోటీసు ఇవ్వకపోతే వచ్చిన సమయం, అధికారి హోదా ఒక కాగితం మీద రాసి, ఇరుగుపొరుగు ఇద్దరి చేత సంతకం చేయించి పెట్టుకోండి. తోసుకుని బయటికి వెళ్లకండి.

అరెస్టు చేస్తే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. అరెస్టు మెమో మీద సాక్షి సంతకం ఉండాలి, ఇంట్లోవాళ్లకు చెప్పాలి, ప్రయాణ సమయం మినహా 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. అసాధారణ పరిస్థితుల్లో తప్ప మహిళలను సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయకూడదు. అప్పుడైనా మేజిస్ట్రేటు అనుమతి, మహిళా అధికారి ఉండాలి. ఖాళీ కాగితం మీద సంతకం ఎవరు అడిగినా పెట్టకండి. ఫోను తీసుకుంటే పంచనామా అడగండి. వకీలు నంబరు ఫోనులో కాకుండా చొక్కా జేబులో చీటీ మీద ఉండాలి. బీపీ, షుగరు మాత్రలు డాక్టరు చీటీతో సహా వెంట ఉంచుకోండి. ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోను చేయవచ్చు. మనిషిని ఎక్కడ ఉంచారో తెలియకపోతే నేలపాడులోని హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్, అంటే మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని కోరే పిటిషన్ వేయాలి. సెలవు రోజైనా హౌస్ మోషన్‌కు, అంటే అత్యవసర విచారణ కోరడానికి అవకాశం ఉంది, కాబట్టి సోమవారం దాకా ఆగకండి.

విదేశీ చదువులకు దరఖాస్తు పెట్టుకున్న పిల్లలున్న ఇళ్లు ఒకటి ఆలోచించాలి. కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుంటే పాస్‌పోర్టుకు చిక్కులొస్తాయి. అలాగని పిల్లల నోరు నొక్కమని చెప్పడం లేదు. వాళ్లు పిటిషన్లు రాయవచ్చు, కాగితాలు తర్జుమా చేయవచ్చు, సంతకాలు సేకరించవచ్చు. ఏ పని చేస్తారో వాళ్లే తెలిసి ఎంచుకోనివ్వండి. ప్రభుత్వ ఉద్యోగులు తమ సర్వీసు నిబంధనలు ముందే చదువుకోవాలి.

విడుదలయ్యాక ఎఫ్ఐఆర్ ప్రతి, రిమాండు కాగితాలు, ఆసుపత్రి చీటీలు ఒకే ఫైలులో పెట్టండి. దెబ్బలు తగిలితే ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రిలో నమోదు చేయించండి. మానవ హక్కుల కమిషన్‌కు వెళ్లాలనుకుంటే ఘటన జరిగిన ఏడాదిలోపు ఫిర్యాదు చేయాలి. గడువు దాటితే కమిషన్ విచారణ చేపట్టదు.