గ్యాస్ గ్రిల్ మీద వండిన వంటకు పొగ రుచి తీసుకురావడం ఎలా?

అమెరికాలో ఇంటి పెరట్లో గ్యాస్ గ్రిల్ పెట్టుకున్న తెలుగువారు చాలామంది దాని సౌకర్యాన్ని మెచ్చుకుంటూనే, బొగ్గుల మీద కాల్చిన కోడి రుచి మాత్రం దీనికి రాదని అంటూ ఉంటారు. ఆ మాటలో నిజముంది. ప్రొపేన్ మండినప్పుడు వెలువడేవి ప్రధానంగా బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి మాత్రమే. వాటి వల్ల వంటకు పొగ వాసన పట్టదు. కట్టెలోని లిగ్నిన్ అనే పదార్థం వేడికి విడిపోయినప్పుడు పుట్టే గ్వాయకోల్, సిరింగోల్ వంటి రసాయనాలే ఆ వాసనకు మూలం. కాబట్టి గ్రిల్ మార్చవలసిన పనిలేదు. అందులో కాస్త కట్టె చేర్చి, అది మంట పట్టకుండా పొగలు చిమ్ముతూ రాజుకునేలా చూసుకుంటే చాలు.

ముందుగా వంట కోసమే అమ్మే చెక్కముక్కలు తెచ్చుకోవాలి. కోడిమాంసానికి ఆపిల్, చెర్రీ కట్టెలు సరిపోతాయి. హికరీ వాటికన్నా గాఢంగా ఉంటుంది. మెస్కిట్ మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం, ఘాటు ఎక్కువ కనుక చేపలకు వాడకపోవడమే మేలు. పైన్ వంటి బంక కట్టెను, రంగు వేసిన చెక్కను దగ్గరికి రానివ్వకూడదు.

రెండు గుప్పిళ్ల పొడి ముక్కలను రెండు పొరల అల్యూమినియం ఫాయిల్‌లో పొట్లంగా చుట్టి, పైన ఫోర్కుతో ఐదారు చిల్లులు పెట్టాలి. చిల్లులు ఎక్కువైతే గాలి తగిలి ముక్కలు భగ్గున మండిపోతాయి. ముక్కలను నీటిలో నానబెట్టాలని కొందరు చెబుతారు గాని, ఆ నీరు ఇగిరేదాకా వచ్చేది ఆవిరే తప్ప పొగ కాదు. నానబెట్టడం నా దృష్టిలో వృథా శ్రమ.

గ్రిల్ జాలీని ఒక పక్క పైకెత్తి, బర్నర్ మీది రేకుపై పొట్లం ఉంచి, జాలీని తిరిగి అమర్చాలి. మూత తెరిచి ఉంచే బర్నర్ వెలిగించి, తరువాత మూత వేసి, పది పదిహేను నిమిషాలు పెద్ద మంట మీద కాగనివ్వాలి. మొదట వచ్చే దట్టమైన తెల్లని పొగ వంటకు చేదు పట్టిస్తుంది; అది పలుచబడి కాస్త నీలిరంగుకు తిరిగేవరకు ఓపిక పట్టాలి. అప్పుడు ఆ ఒక్క బర్నర్‌నే మధ్యస్థంగా ఉంచి, మిగిలినవి ఆర్పివేసి, మసాలా పట్టించిన కోడికాళ్లను మంట లేని వైపు పేర్చాలి.

చల్లగా, తడిగా ఉన్న మాంసానికే పొగ బాగా పడుతుంది. అందుకే మసాలా ముక్కలను ఫ్రిజ్ నుంచి తీసి నేరుగా గ్రిల్ మీద పెట్టవచ్చు, మొదటి అరగంట మూత తీయకుండా ఉండటం అన్నిటికన్నా ముఖ్యం. గ్యాస్ గ్రిల్ వెనుక భాగంలో పెద్ద సందులుంటాయి కనుక పొగ ఎలాగూ త్వరగా పోతుంది. పైగా మాటిమాటికీ మూత తెరిచి చూస్తే మిగిలేది ఏమీ ఉండదు. లోపలి వేడి 350 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర నిలిపితే కాళ్లు ముప్పావు గంటలో దాదాపు ఉడుకుతాయి. ఎముకకు తగలకుండా గుచ్చిన థర్మామీటర్ కనీసం 165 డిగ్రీలు చూపాలి. చివర రెండు మూడు నిమిషాలు నేరుగా మంట మీద తిప్పితే పైభాగం ఎర్రగా కాలుతుంది.

పచ్చడికి వంకాయ కాల్చేటప్పుడు పొగ తొక్కను దాటి లోపలికి చేరదు కనుక, నిలువునా నాలుగు గాట్లు పెట్టి పొగ వైపు ఉంచాలి.

చెక్కముక్కలు దొరకనప్పుడు హైదరాబాదీ వంటల్లోని ధుంగార్ పద్ధతి ఉండనే ఉంది. వండిన ముక్కల మధ్య చిన్న స్టీలు గిన్నె పెట్టి, అందులో కణకణలాడే బొగ్గు ఉంచి, అర చెంచా నెయ్యి వేసి, వెంటనే మూత బిగించి నాలుగైదు నిమిషాలు ఆగాలి. అంతకు మించితే మసి వాసన వస్తుంది.

గ్రిల్‌ను గ్యారేజీలో గాని, మూసిన వరండాలో గాని వెలిగించకూడదు. మంట నుంచి వెలువడి మూసిన చోట పేరుకునే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. వాడిన పొట్లాన్ని గ్రిల్‌లోనే పూర్తిగా చల్లారనిచ్చి, మరునాడు నీళ్లు చల్లి చెత్తబుట్టలో వేయాలి.