ఒకటి పెట్టాకే ఒకటి తీయాలి: రోప్ కోర్సు, క్లైంబింగ్ వాల్ ఎక్కేవాళ్లకి జాగ్రత్తలు

దసరా సెలవులకి మా ఇంటి గుంపంతా కూర్గ్ వెళ్తున్నాం. పిల్లలు వాట్సాప్‌లో అప్పుడే రోప్ కోర్సు ఫొటోలు పంపుకుంటున్నారు. చెట్ల మధ్య రెండంతస్తుల ఎత్తున తాళ్లు, ఊగే చెక్కలు, వల నిచ్చెనలు, చివర్న కేబుల్‌కి వేలాడుతూ జారిపోయే జిప్‌లైన్, పక్కనే పట్టులు పట్టుకుని ఎక్కే గోడ, అదే క్లైంబింగ్ వాల్. ఆ ఫొటోల కింద నేను రెండు పాత వార్తలు పెట్టాను. ఒకటి 2025 ఏప్రిల్‌లో పుణె జిల్లా భోర్ దగ్గర జరిగింది. 28 ఏళ్ల యువతి జిప్‌లైన్‌కి హుక్ తగిలించుకోవడానికి స్టూలెక్కి, పట్టు తప్పి దాదాపు 30 అడుగుల కింద పడి చనిపోయింది. రెండోది అదే ఏడాది జూన్‌లో మనాలిలో జరిగింది. నాగ్‌పూర్ నుంచి వచ్చిన 12 ఏళ్ల అమ్మాయి జిప్‌లైన్ మీద ఉండగా తనని పట్టి ఉంచిన బెల్టు తెగి రాళ్ల మీద పడింది. ఆ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు.

గ్రూపు కాసేపు మూగబోయింది. తర్వాత మా పెద్దాడపడుచు "శుభమా అని బయల్దేరుతుంటే ఇవేం వార్తలమ్మా" అని తిట్టింది. వెళ్లొద్దని కాదు, నేనూ ఎక్కుతాను. కాకపోతే ఎలా ఎక్కాలో చెప్పాలి కదా అని ఇది రాస్తున్నాను.

మందు తాగి ఎక్కొద్దు, గుండెజబ్బు ఉన్నవాళ్లు వద్దు, గర్భిణులు వద్దు. ఇవన్నీ గేటు దగ్గర బోర్డు మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. ఆ బోర్డు మీద లేని ఒక్క తప్పు గురించే నా గోల.

రోప్ కోర్సులో మీకు నడుముకీ తొడలకీ హార్నెస్ కడతారు. దాని నుంచి రెండు పట్టీలు, రెండింటి చివరా రెండు హుక్కులు. పైన స్టీలు కేబుల్ ఉంటుంది, రెండు హుక్కులూ దానికి తగిలి ఉంటాయి. చెట్టు దగ్గరికి చేరాక ఒక కేబుల్ నుంచి ఇంకో కేబుల్‌కి మారాలి. అప్పుడు మొదటి హుక్ తీసి కొత్త కేబుల్‌కి పెట్టాలి. అది టక్కున మూసుకుందని చూసుకున్నాకే రెండోది తీయాలి. ఒకటి పెట్టాకే ఒకటి తీయాలి. ఇంత చిన్న సంగతి. మనుషులు పడేది ఇక్కడే.

నాకెలా తెలుసంటే, మూడేళ్ల కింద ఒక రిసార్టులో మా మరిది పడ్డప్పుడు కింద ఫోన్ పట్టుకుని నిలబడ్డది నేనే. ఊగే వంతెన దాటాడు, వల దాటాడు, చెట్టు చుట్టూ కట్టిన మంచె మీదికి చేరాడు. వెనకాల ఇంకో కుర్రాడు వస్తున్నాడు. వాడికి దారివ్వాలి, నేను తీసే ఫొటోకి ఇటు తిరగాలి. "వదినా, ఒక్క నిమిషం ఉండు" అంటూ రెండు హుక్కులూ తీసేశాడు. మంచె అంచున కాలు జారింది. పదహారు అడుగులు. కుడి మడమ ఎముక నుజ్జయింది, వెన్నులో ఒక పూస చిట్లింది. ఎనిమిది నెలలు మంచం, చేతికర్ర. రోజంతా నిలబడి చేసే షాపు ఉద్యోగం పోయింది. ఇప్పటికీ ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు లేకుండా నాలుగడుగులు వేయలేడు.

ఊగుతున్న చెక్కల మీద పడలేదు, గమనించారా? అక్కడ భయం ఉంటుంది కాబట్టి ఒళ్లు దగ్గరపెట్టుకుంటాం. మంచె మీద కాలు ఆనగానే నేల మీదికి వచ్చేసినట్టు అనిపిస్తుంది. ఊపిరి పీల్చుకుంటాం, చుట్టూ చూస్తాం, కింద ఎవరో పేరు పెట్టి పిలుస్తారు. చెయ్యి దానంతటదే రెండో హుక్ మీదికి పోతుంది. మంచె నేల కాదు. భోర్‌లో ఆ అమ్మాయి కూడా జిప్‌లైన్ మీద జారుతూ పడలేదు, బయల్దేరకముందే పడింది.

మా నల్లగొండ వైపు తాటిచెట్టెక్కే గీత కార్మికుణ్ణి చూడండి. నడుము చుట్టూ మోకు ఉంటుంది. మోకుని పైకి జరిపేటప్పుడు కాళ్లు చెట్టుని కరిచిపట్టుకుంటాయి. కాళ్లు పైకి లాక్కునేటప్పుడు బరువంతా మోకు మీద ఆనుతుంది. రెండూ ఒకేసారి వదలడు. అంత ఒడుపున్న వాళ్లు కూడా జారి పడుతున్నారనే 2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య పేరుతో వాళ్లకి సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఏడాదికోసారి సెలవుల్లో చెట్టెక్కే మనమెంత?

టికెట్ కొనేముందు ఒక ప్రశ్న అడగండి: "మీ హుక్కులు ఏ రకం?" మూడు రకాలుంటాయి. మొదటిది, రెండు హుక్కులూ విడివిడిగా తెరుచుకునేది. దీంట్లో మీ ప్రాణం పూర్తిగా మీ చేతిలోనే. రెండోది, ఒక హుక్ కేబుల్‌కి తగిలి ఉంటే తప్ప రెండోది తెరుచుకోనిది. మూడోది, మొదట్లో ఒకసారి తగిలిస్తే చివర్లో దిగేదాకా కేబుల్ నుంచి ఊడిరానిది. పిల్లలతో వెళ్తే రెండోదో మూడోదో ఉన్న చోటికే వెళ్లండి, వంద రూపాయలు ఎక్కువైనా సరే. మొదటి రకమే ఉంటే, నేల మీద కట్టిన కేబుల్ దగ్గర పది సార్లు మార్పించి చూడండి. పదిలో ఒక్కసారి తప్పు చేసినా ఆ పిల్లాణ్ణి ఎక్కించకండి. ఏడుస్తాడు, ఏడవనివ్వండి.

ఇక క్లైంబింగ్ వాల్. ఇక్కడా అదే తప్పు, వేషం వేరు. చాలాచోట్ల ఇప్పుడు ఆటో బిలే అనే యంత్రం గోడ పైన ఉంటుంది. మీరు ఎక్కుతుంటే పట్టీని లోపలికి చుట్టుకుంటుంది, చేతులు వదిలేస్తే మెల్లగా కిందికి దింపుతుంది. యంత్రం మంచిదే, కాకపోతే ఆ పట్టీ హుక్ మీ హార్నెస్‌కి తగిలి ఉండాలి. నవ్వకండి. హుక్ తగిలించుకోవడం మరిచిపోయి గోడెక్కి, పైకి చేరాక ధీమాగా చేతులు వదిలేసినవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు. వాళ్లలో కొత్తవాళ్ల కంటే అలవాటు పడ్డవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. కొత్తవాడికి భయం, అందుకే రెండుసార్లు చూసుకుంటాడు.

లిన్ హిల్ అని అమెరికా క్లైంబర్, అప్పటికే ప్రపంచంలో మేటి. 1989లో ఫ్రాన్స్‌లోని బ్యూ కొండ దగ్గర హార్నెస్‌కి తాడు ముడి వేసుకుంటూ, మధ్యలో బూట్ల కోసం వెళ్లింది. ముడి సగంలో ఉంది, పైన జాకెట్ కప్పేసింది. పైదాకా ఎక్కేసి, దిగడానికి తాడు మీద బరువు వేయగానే ముడి ఊడిపోయింది. దాదాపు 70 అడుగుల నుంచి పడింది. చెట్టు కొమ్మలు అడ్డుపడటంతో బతికింది. తనకి ముడి వేయడం రాక కాదు, మధ్యలో లేచి వెళ్లడమే కారణం. కాబట్టి హుక్ పెట్టుకుంటున్నప్పుడు ఎవరైనా పిలిస్తే, ఫోన్ మోగితే, బూటు లేసు ఊడితే, మళ్లీ మొదటి నుంచి పెట్టుకోండి. ఎక్కడ ఆపామో గుర్తుంది అనుకోకండి.

గోడ దగ్గర నేను చేసేది చెప్తాను. హుక్ పెట్టుకుని, పట్టీని గట్టిగా లాగి చూసి, మనిషెత్తు ఎక్కగానే కావాలని చేతులు వదిలేస్తాను. పట్టుకుందా, మెల్లగా దించిందా, అప్పుడే పైకి. వెనక లైన్లో ఉన్నవాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. గోడ కింద త్రికోణం గుడ్డ ఒకటి అడ్డంగా కట్టి ఉంటుంది. దాన్ని దాటి, పక్కనుంచి దూరి గోడెక్కకూడదు. ఎవరూ హుక్ లేకుండా ఎక్కేయకుండా దారి మూయడానికే దాన్ని కడతారు.

హార్నెస్ సంగతి. నడుము బెల్టు తుంటి ఎముకలకి పైన ఉండాలి, కిందికి లాగితే జారిపోకూడదు. బొజ్జ ఉన్న మగవాళ్లకీ, తుంటి సరిగా ఏర్పడని చిన్నపిల్లలకీ నడుము హార్నెస్ ఒక్కటే సరిపోదు. తలకిందులైతే అందులోంచి జారిపోతారు. భుజాల మీదుగా వచ్చే ఫుల్ బాడీ హార్నెస్ అడగండి. సిగ్గుపడి బరువు తగ్గించి చెప్పకండి. జిప్‌లైన్ మీద బరువైనవాళ్లు అవతలికి వేగంగా చేరతారు, మరీ తేలికైన పిల్లలు మధ్యలో ఆగిపోతారు, బ్రేకు లెక్కంతా దాని మీదే. హార్నెస్ పక్కల్లో సన్నటి లూపులు వేలాడుతుంటాయి. అవి సామాన్లు తగిలించుకోవడానికి, మనిషి బరువుకి కాదు. హుక్ వాటికి తగిలిస్తే తెగిపోతాయి. ముందు, మధ్యలో ఉండే మందపాటి లూపుకే హుక్.

కుట్లు కూడా చూడండి. 2006లో అమెరికాలోని యోసెమిటీ కొండల్లో టాడ్ స్కిన్నర్ అనే పేరున్న క్లైంబర్ తన హార్నెస్ ముందు లూపు అరిగిపోయి తెగడంతో పడి చనిపోయాడు. అంతటివాడు వాడే హార్నెసే అలా అయితే, ఎండకి ఎండి వానకి తడిసి, రోజుకి వంద మంది వేసుకునే రిసార్టు హార్నెస్ మాటేమిటి? రంగు వెలిసి, అంచులు నూలు లేచి, పట్టీ గట్టిబడి ఉంటే ఇంకోటి అడగండి. చాలా కంపెనీలు గుడ్డ భాగాలకి పదేళ్లే ఆఖరి గడువంటాయి, రోజూ వాడేవి అంతకన్నా చాలా ముందే పోతాయి. తయారీ సంవత్సరం లోపలి లేబుల్ మీద ఉంటుంది. లేబులే లేకపోతే వేసుకోకండి.

ఇక మిగతావి గుర్తొచ్చిన వరుసలో చెప్పేస్తాను.

- ఉంగరాలు తీసేయండి. గోడ మీది పట్టులో ఉంగరం ఇరుక్కుని ఒళ్లు కిందికి జారితే వేలి చర్మం తొడుగులా ఊడొస్తుంది. గాజులు, నల్లపూసలు, పొడుగు కమ్మలు కూడా గదిలోనే పెట్టి రండి. అత్తగారు ఏమన్నా అంటే నా పేరు చెప్పండి.
- జుట్టు ముడి వేసి హెల్మెట్ లోపలికి తోయండి. చున్నీ వద్దు. 2020లో హైదరాబాద్ శివారు గుర్రంగూడలో గో కార్టింగ్ చేస్తుంటే జుట్టు చక్రంలో చుట్టుకుని ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని చనిపోయింది. జిప్‌లైన్ కేబుల్ మీద మిమ్మల్ని మోసుకుపోయే పుల్లీ కూడా చక్రమే.
- జిప్‌లైన్ మీద కేబుల్‌ని చేత్తో పట్టుకోకండి, ముఖ్యంగా పుల్లీ ముందువైపు.
- హెల్మెట్ గడ్డం పట్టీ బిగించండి. వెనక్కి జారిన హెల్మెట్ టోపీతో సమానం.
- గోడకి బోల్టు రంధ్రాలుంటాయి, వాటిలో వేలు పెట్టొద్దు.
- తాడు లేకుండా ఎక్కే పొట్టి గోడల దగ్గర దూకేటప్పుడు మోకాళ్లు వంచండి. చెయ్యి వెనక్కి ఆనించొద్దు, మణికట్టు పోతుంది. పరుపు ఉంది కదా అని పైనుంచి దూకొద్దు, దిగి రండి.
- మధ్యలో భయమేసి కాళ్లు వణికితే హార్నెస్‌లో కూర్చుండిపోయి అరవండి. సొంతంగా హుక్ తీసి వెనక్కి రావాలని చూడొద్దు.
- వేలాడుతున్నప్పుడు కాళ్లు ఊరికే వదిలేయకండి, సైకిలు తొక్కినట్టు ఆడించండి. కదలకుండా వేలాడితే రక్తం కాళ్లలోకి దిగిపోయి నిమిషాల్లోనే స్పృహ తప్పొచ్చు. ఎవరైనా అలా పడిపోతే ముందు కిందికి దించాలి, మిగతావన్నీ తర్వాత.
- "పైన ఎవరైనా ఇరుక్కుంటే ఎలా దించుతారు?" అని అడగండి. జవాబు తడబడితే డబ్బులు వెనక్కి తీసుకోండి.
- ఒక మంచె మీద ఎంతమంది ఉండొచ్చో రాసి ఉంటుంది. అంతే.
- ఉరుము వినబడితే దిగిపోండి. స్టీలు కేబుల్ మీద ఉన్నారు.
- వాన వెలిసిన వెంటనే ఎక్కొద్దు. తడి చెక్క జారుతుంది.
- చెట్ల మీద తేనెపట్టు ఉందేమో ముందే చూడండి. సెంటు కొట్టుకుని పోవద్దు.
- సంతకం చేయించుకునే కాగితం చదవండి. మీ ఇన్సూరెన్స్‌లో సాహస క్రీడలు మినహాయించారేమో ఇంట్లోనే చూసుకోండి.
- దగ్గరి ఆసుపత్రి ఎంత దూరమో అడగండి. కొండ దారిలో ఇరవై కిలోమీటర్లంటే గంట.
- పడ్డవాణ్ణి లేపి కూర్చోబెట్టొద్దు. నీళ్లు తాగించొద్దు. హెల్మెట్ లాగేయొద్దు. 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి.
- ఇన్‌స్ట్రక్టర్ "ఏం కాదు సార్, రోజూ ఎక్కిస్తున్నాం" అంటే, సరే అనండి, ఐనా మీ హుక్ మీరే చూసుకోండి.
- సెల్ఫీ వద్దు.
- మంచె మీద ఉన్నవాళ్లతో మాట్లాడొద్దు.
- మంచె మీద ఉన్నవాళ్లని ఫొటో కోసం పిలవొద్దు. పేరు పెట్టి అసలే పిలవొద్దు.
- ఒకటి పెట్టాకే ఒకటి తీయండి.
- తొందరపెడుతున్నా సరే. చీకటి పడుతున్నా సరే. చివరి చెట్టైనా సరే. ఒకటి పెట్టాకే.

మా మరిది కూడా కూర్గ్ వస్తున్నాడు. కింద కుర్చీ వేసుకుని కూర్చుని, ఒక్కొక్కళ్లు చెట్టు మారినప్పుడల్లా హుక్కులు లెక్కపెట్టే పని తనే అడిగి తీసుకున్నాడు. అందరం దిగేదాకా ఫోన్లన్నీ అతని సంచిలో ఉంటాయి, నాదీ.