హెడర్ మార్చే ముందు జాగ్రత్తలు

విశాఖ గాజువాక ఆటోనగర్‌లో కారు లిఫ్ట్ ఎక్కించక ముందే కొత్త హెడర్ (ఇంజన్ నుంచి పొగను బయటికి తీసుకెళ్లే పైపుల సెట్) డబ్బా విప్పి చూడండి. పైమెరుపు చూసి ఓకే అనకండి.

– ఫ్లాంజ్ (ఇంజన్‌కు ఆని బిగిసే పలక) మీద స్టీలు స్కేలు ఆనించి వెనక నుంచి టార్చి వేయండి. సందులోంచి వెలుతురు వస్తే ఫ్లాంజ్ వంకరే. మధ్యలో వేసే గ్యాస్కెట్ (సందు మూసే పొర) లీకవ్వచ్చు.

– పైపు లోపలి అతుకులు నల్లగా, గరుకుగా పొక్కులు కట్టి ఉంటే, వెల్డింగ్ అప్పుడు గాలి తగలకుండా లోపల ఆర్గాన్ వాయువు పట్టలేదన్నమాట. పగుళ్లు అక్కడే మొదలవుతాయి. అలాంటిది తిరిగిచ్చేయండి, బేరం వద్దు.

– అయస్కాంతం గట్టిగా పట్టుకుంటే అది 304 రకం స్టెయిన్‌లెస్ కాదు. 409 రకం స్టెయిన్‌లెస్ కావచ్చు, మామూలు ఉక్కు కావచ్చు. మన బీచ్ రోడ్డు ఉప్పుగాలికి రెండూ తుప్పు పడతాయి. మామూలు ఉక్కుకు హీట్ ర్యాప్ (వేడి ఆపే పట్టీ) చుడితే చెమ్మ నిలిచి ఇంకా త్వరగా తినేస్తుంది.

– ఫుల్ లోడులో పొగ వేడి 800 డిగ్రీలు దాటగలదు. స్టార్టర్ వైరు, బ్రేకు పైపు, ఆక్సిజన్ సెన్సర్ వైరు హెడర్‌కు ఎంత దూరమో చూసుకోండి. సింహాచలం ఘాట్‌లో నెమ్మదిగా ఎక్కేటప్పుడు బానెట్ కింద గాలి ఆడదు. "షీల్డ్ అడ్డం సార్" అని మెకానిక్ అన్నా ఆ వేడి ఆపే రేకును తీయనివ్వకండి.

– కేటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే భాగం) తీసేసే రకం హెడర్ నేనైతే కొనను.

– ఇంజన్ చల్లారాకే పని. కొత్త గ్యాస్కెట్ వేసి, నట్లు మధ్య నుంచి చివరలకు బిగించాలి. మొదటి రైడు తర్వాత చల్లారనిచ్చి మళ్లీ నట్ల టార్క్ (బిగింపు) చూడండి.