రొయ్యల ల్యాబువాడి గాజుతొట్టి

ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల నుంచి సీసాల్లో వచ్చే నీళ్లను పరీక్షించి, రైతుకు చీటీ రాసివ్వడం నా ఉద్యోగం. నాలుగేళ్లుగా నెల్లూరులోని మా ఇంటి ముందుగదిలో నాలుగడుగుల సముద్రపు అక్వేరియం కూడా ఉంది. ఫోనులో దాని ఫొటోలు చూసిన రైతులు తమకూ పెట్టి చూపించమంటున్నారు. రోజుకో గంట చెప్పేకంటే ఒకసారి రాసి ఇవ్వడం మేలనిపించింది.

ముందు పగడాల సంగతి తేల్చుకుందాం. రాతి పగడాలు, నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. సముద్రపు గుర్రాలకూ అదే రక్షణ. దుకాణంలో ఎవరైనా చాటుగా చూపించినా కొనకండి. చచ్చిన పగడపు రాళ్లూ వద్దు. నా తొట్టిలో ఉన్నది ఫ్యాక్టరీలో చేసిన సిరామిక్ రాయి. మొదటి ఏడాది కొత్త ఇటుకలా వెలవెలబోయింది. ఇప్పుడు దాని మీద గులాబీరంగు నాచు రాయిలా గట్టిగా పట్టుకుంది. చూసినవాళ్లు దాన్నే పగడం అనుకుంటున్నారు, నేనూ దిద్దడం మానేశాను.

తొట్టి నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. అంటే 255 లీటర్లు. రాళ్లు, పైన వదిలే ఖాళీ పోగా 220 లీటర్ల నీరు పడుతుంది. గాజు, రాళ్లతో కలిపి మూడు వందల కిలోలు దాటే బరువును అలమార మీద పెట్టకూడదు. ఇనుప స్టాండు చేయిస్తే ఎపాక్సీ రంగు రెండు పూతలు వేయించండి. ఉప్పు తుంపర ఇనుమును ఎలా తినేస్తుందో గుంటలో ఏరేటర్లు (నీటికి గాలి పట్టించే యంత్రాలు) ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. పడమటి గోడకు ఆనించి మాత్రం పెట్టకండి, మన ఎండలకు రాత్రి పదింటికి కూడా ఆ గోడ చల్లారదు.

ఇక నీళ్లు. అందరూ అడిగే మొదటి ప్రశ్న, సముద్రం పక్కనే ఉంటే ఉప్పు కొనడం ఎందుకని. నేనూ అలాగే అనుకుని తెలిసిన హేచరీ (రొయ్య పిల్లలను పుట్టించే కేంద్రం) నుంచి ఆరు క్యాన్లు సముద్రపు నీరు తెచ్చాను. హేచరీ నీటికి బ్లీచింగ్ కొడతారు, తర్వాత హైపో వేసి క్లోరిన్ తీసేస్తారు. తీసేశారా లేదా చూడటానికి ఆర్థోటాలిడిన్ ఒక్క చుక్క చాలు, క్లోరిన్ మిగిలి ఉంటే నీరు పసుపెక్కుతుంది. రోజూ ఊరందరి నీళ్లలో ఆ చుక్క వేసే నేను నా నీళ్లలో వేయలేదు. తెల్లారేసరికి నత్తలన్నీ గాజు నుంచి జారి అడుగున వెల్లకిలా పడి ఉన్నాయి. అప్పుడు వేశాను చుక్క. నిమ్మకాయ రంగు వచ్చింది. పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు మన తీరం నీటిలో ఉప్పదనం పడిపోతుంది. తొట్టికి ఏడాది పొడవునా 35 పీపీటీ, అంటే వెయ్యి పాళ్లకు 35 పాళ్ల ఉప్పదనం ఉండాలి.

కల్లుప్పు కలిపితే పోదా అంటారు. పోదు. ఇసకపల్లి ఉప్పు మడుల్లో నీరు ఆవిరయ్యేటప్పుడు సున్నపు పదార్థం, జిప్సం ముందే కింద పేరుకుంటాయి. తర్వాత ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియమంతా చివర మిగిలే చేదునీటిలో ఉండిపోతుంది. కాబట్టి సముద్రం నుంచే వచ్చినా కల్లుప్పు నీటిలో కరిగితే మళ్లీ సముద్రం కాదు. అక్వేరియం కోసం అమ్మే రీఫ్ సాల్ట్ లీటరుకు సుమారు 36 గ్రాములు పడుతుంది, మొదటిసారికి ఎనిమిది కిలోలు. దాన్ని కలిపే నీటిలో టీడీఎస్ (కరిగి ఉన్న లవణాలు) సున్నా ఉండాలి. ఇంట్లో తాగే ఆర్.ఓ. నీటిలో రుచి కోసం కొంత టీడీఎస్ మిగులుస్తారు కాబట్టి దాని తర్వాత, ఆ మిగిలినదాన్ని పట్టేసే డీఐ రెసిన్ గొట్టం ఒకటి బిగించుకోండి. ఉప్పదనం కొలవడానికి గుంటలకు వాడే రిఫ్రాక్టోమీటరే ఇక్కడా పనికొస్తుంది. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలిపిన బకెట్టును మాత్రం దీని దరిదాపులకు రానివ్వకండి. అందులోని రాగి, చేపలు ఓర్చుకునే మోతాదులోనే నత్తలను, రొయ్యలను చంపేస్తుంది.

నీరు పోసి, రాళ్లు పేర్చి, మోటార్లు తిప్పిన తర్వాత చేయాల్సిన పని ఏమీ చేయకుండా ఉండటం. మన రైతులకు కష్టమైన ఘట్టం ఇదే. గుంటలో ఏం జరిగినా ఒక ప్యాకెట్టు విప్పి చల్లడం మనకు అలవాటు. ఇక్కడ వేయాల్సిందల్లా అమ్మోనియం క్లోరైడు 1.4 గ్రాములు. 220 లీటర్లకు అది 2 పీపీఎం (పది లక్షల పాళ్లకు రెండు పాళ్లు) అమ్మోనియా అవుతుంది. దాన్ని నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే బాక్టీరియా రాళ్ల మీద నెమ్మదిగా పెరగాలి. గుంటల్లో చల్లే ప్రోబయోటిక్స్ ఎక్కువగా బాసిల్లస్ జాతివి. మిగిలిన మేతను అవి కుళ్లబెడతాయి గానీ ఈ పని వాటిది కాదు. అమ్మోనియా వేసిన మర్నాటికి అదీ, నైట్రైటూ రెండూ సున్నాకు వచ్చిన రోజున తొట్టి సిద్ధం. నాకు 38 రోజులు పట్టింది. ఈలోగా రాళ్ల మీద గోధుమరంగు జిగురు పడుతుంది. పడనివ్వండి.

సామాన్లలో అర్థం కానిది ప్రొటీన్ స్కిమ్మర్ ఒక్కటే. గాలి వీచినప్పుడు గుంట మూలకు చేరే జిగట నురగ చూశారు కదా, సన్నని బుడగలతో అదే నురగను ఒక గొట్టంలో పుట్టించి పైన గిన్నెలోకి తోసే యంత్రం ఇది. వారానికోసారి ఆ గిన్నెలోని నల్లటి నీటిని పెరట్లో పారబోస్తాను, మా ఆవిడ ఇంట్లో లేనప్పుడు.

మే నెల గురించి విడిగా చెప్పాలి. నీరు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. వదిలేస్తే మన ఊళ్లో 32 దాటుతుంది. నీటి మీదికి చిన్న ఫ్యాన్లు తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది గానీ గాలిలో తేమ ఉన్న రోజున అదీ జరగదు. నీటిని చల్లబరిచే చిల్లర్ కొనక తప్పదు, తొట్టి కంటే దాని ఖరీదే ఎక్కువ కావచ్చు. ఫ్యాన్లు తిరిగితే నాకు రోజుకు ఐదు లీటర్లు ఆవిరవుతాయి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. కాబట్టి తగ్గినంత మేరకు ఉప్పు కలపని టీడీఎస్ సున్నా నీరే పోయాలి, ఉప్పునీరు పోస్తే వేసవి గుంటలాగా ఉప్పదనం ఎక్కిపోతుంది.

2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకు మా వీధిలో ఒక పగలూ రాత్రీ కరెంటు లేదు. ఇన్వర్టరుకు నీటిని కదిలించే వేవ్‌మేకరు ఒక్కదాన్ని మాత్రమే తగిలించి, మిగతావన్నీ ఆపేశాను. లైటు లేకపోతే చేపలు చావవు, నీరు కదలకపోతే చస్తాయి. గుంటలో తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయినట్టే ఇదీ.

చేపలను కొనేటప్పుడు హేచరీలో పుట్టిన క్లౌన్ చేపల జతతో మొదలుపెట్టండి. అన్నీ మగగానే పుడతాయి, జతలో పెద్దది ఆడదిగా మారుతుంది. సీడ్ (రొయ్య పిల్లలు) వదిలేటప్పుడు సంచులను గుంటలో తేలవేసి, కొంచెం కొంచెంగా నీరు కలుపుతాం కదా, ఇక్కడా అంతే. కాకపోతే నేరుగా పెద్ద తొట్టిలోకి కాదు, నాలుగు వారాలు వేరే చిన్న తొట్టిలో ఉంచాలి. వీటికీ వైట్ స్పాట్ వస్తుంది. ల్యాబులో ఈ మాట ఎత్తితే 90లలో టైగర్ రొయ్య వేసి నష్టపోయిన పెద్దాయన ఒకరు కుర్చీలోంచి లేచారు. అది వైరస్, ఇది చేప చర్మంలో దూరే పరాన్నజీవి, రెండూ వేరు అని చెప్పి కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఇది పెద్ద తొట్టిలో పడితే చేపలన్నిటినీ తీసి, రెండున్నర నెలలు దాన్ని చేపలు లేకుండా ఉంచాలి.

మేత రోజుకు ఒకసారి, రెండు నిమిషాల్లో తినేంత. పదిహేను రోజులకు ముప్పై లీటర్ల నీటి మార్పు. వారానికోసారి ఆల్కలినిటీ (నీటి క్షారత) చూడండి. అక్వేరియం కిట్లు చెప్పే 8, 9 డిగ్రీలు (వేడి కాదు, డీకేహెచ్ అనే కొలత) మన ల్యాబు చీటీలో 143 నుంచి 161 పీపీఎం. కాల్షియం దగ్గర జాగ్రత్త. చీటీలో కాల్షియం కార్బొనేటు లెక్కన 1050 అని ఉంటే దాన్ని 0.4తో గుణించండి, అసలు కాల్షియం 420. అది సరిపోయినట్టే. ఈ లెక్క తెలియక, ఉన్న కాల్షియం మీద మళ్లీ కాల్షియం పోసినవాళ్లు నాకు ఇద్దరు తెలుసు.

చివరికి ఒక క్లీనర్ రొయ్యను వేసుకోండి. ఎర్రటి వీపు మీద తెల్లని చార, పొడవైన తెల్ల మీసాలు. ఒక్కదాని ధరకు వనామీ రొయ్య కిలోల్లో వస్తుందని మా అమ్మ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. ఒక ఉదయం ఆవిడే ల్యాబుకు ఫోను చేసింది, "నీ బంగారు రొయ్య చచ్చిపోయిందిరా" అని. వచ్చి చూస్తే రాతి పక్కన మీసాలతో సహా ఒలిచిన పొట్టు, రాతి వెనక చీకట్లో మెత్తబడి దాక్కున్న రొయ్య. ఆ పొట్టు తీసేయనక్కర్లేదు. రెండు రోజులు లైటు తగ్గించి, చేయి పెట్టకుండా ఉంటే అదే బయటికి వస్తుంది.