గీతల బడి – 6వ పాఠం: కనబడని పిట్టను గీయడం

పోయిన పాఠంలో బట్టమేకపిట్టను గీశాం. దాంతో పెద్ద కష్టం లేదు. మీటరు ఎత్తు మనిషి లాంటి పిట్ట, జోడు కోసం గొంతు సంచీ ఊదుకుని తిరుగుతుంది. ఉన్నది ఉన్నట్టు గీసినా నవ్వొస్తుంది. ఈసారి మొండికేసే పిట్టను తీసుకుందాం. కలివికోడి. పగలు బయటికి రాదు. రాత్రి వచ్చినా కలివి పొద నుంచి రేగు పొదకు పరుగే తప్ప మన కోసం నిలబడదు. అరుదైన జీవుల మీద కార్టూన్ వేయాలనుకునేవాడికి అసలు పరీక్ష ఇదే.

ముందు కథ తెలియాలి. 1848లో శాస్త్రం పుస్తకాల్లోకి ఎక్కిన పిట్ట ఇది. 1900లో అనంతపురం దగ్గర కనబడింది, ఆ తర్వాత ఎనభై ఆరేళ్ళు ఆచూకీ లేదు. ఇక లేదనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల కొండల దగ్గర ఊరి వేటగాడొకాయన రాత్రి టార్చి వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు వెతుకుతున్నది అదే.

ఇందులో జోకు ఎక్కడుంది? ఎవరికైనా ముందు తట్టేది, పిట్ట పొదలోంచి తల బయటపెట్టి "నేనింకా ఉన్నా!" అనడం. తట్టింది కదా, కొట్టేయండి. మొదట మీకు తట్టింది చదివేవాడికీ తడుతుంది. రెండో దానికి పోదాం. రెండు గళ్ళు గీయండి. మొదటి దాంట్లో పట్నం పెద్దమనిషి, బల్ల నిండా పుస్తకాలు, చేతిలో "అంతరించినది" అని రబ్బరు ముద్ర. రెండో దాంట్లో తలకు తువ్వాలు చుట్టుకుని గొర్రెలు తోలుకుపోతున్న లంకమల మనిషి: "ఏందీ, కలివికోడా? రాత్రి గూడా జూస్తి గదా!" పిట్ట ఎక్కడా లేదు, గమనించారా? నవ్వు ముద్ర పట్టుకున్నవాడి మీద పడింది. నా లెక్కలో ఈ రకం కార్టూన్లకు ఇదొక్కటే నియమం. జంతువు వంక చూసి నవ్వితే అది సర్కస్ అయిపోతుంది.

ఈ విద్యలో ఘనాపాఠి అమెరికాలోని అయోవా పత్రికా కార్టూనిస్టు జే డార్లింగ్, 'డింగ్' అని సంతకం పెట్టేవాడు. తనూ బాతుల వేటగాడే. కాబట్టి వేటగాళ్ళ అత్యాశ మీద గీస్తే ఆ చురక తనకూ తగిలేది. తను బొమ్మల్లో ఎగతాళి చేస్తూ వచ్చిన రూజ్‌వెల్ట్ ప్రభుత్వమే 1934లో పిలిచి వన్యప్రాణుల శాఖను చేతిలో పెట్టింది. నీటిమీద వాలుతున్న రెండు బాతుల బొమ్మ వేసి ఇచ్చాడు. అదే మొదటి 'బాతు స్టాంపు', వెల ఒక డాలరు, నీటిపక్షులను వేటాడేవాడు కొనాల్సిందే. ఆ డబ్బు చిత్తడి నేలలకు పోయేది. కార్టూనిస్టు గీసిన బొమ్మకు అంత గిరాకీ మళ్ళీ వచ్చినట్టు నాకు గుర్తు లేదు.

సరే, ఇక పెన్సిల్. పేరులో కోడి ఉందని మోసపోకండి. నేను మోసపోయాను. తొలిసారి కలివికోడి కార్టూన్ వేసినప్పుడు ఎర్రటి జుట్టు కూడా పెట్టేశాను. పత్రికలో వచ్చిన సాయంత్రమే సిద్ధవటం వైపు నుంచి ఒక పెద్దాయన ఫోన్. "సామీ, దానికి జుట్టు యాడుంది? మీరు సంతలో చూసింటారు!" ఆ సంత మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

కాబట్టి వరసగా: గుడ్డును కాస్త ఏటవాలుగా వంచితే ఒళ్ళు. కాళ్ళు సన్నగా, ఒంటికి మించి పొడుగ్గా. కన్ను పెద్దది, రాత్రి తిరిగే పిట్ట కదా. దాని మీద దట్టమైన తెల్ల కనుబొమ్మ. నవ్వు పుట్టేదంతా ఆ కనుబొమ్మలోనే. కొంచెం పైకెత్తితే అనుమానం, దించితే విసుగు. గొంతు కింద ఇటుక రంగు మచ్చ, ఛాతీ మీద అడ్డంగా రెండు పట్టీలు. ఇక పాదం: మూడు వేళ్ళే, అన్నీ ముందుకే. వెనక వేలు గీశారో, సంత ఫోన్ మీకూ వస్తుంది.

ఆ మూడు వేళ్ళు ఉత్త వివరం కాదు. పిట్ట కనబడకపోతే పరిశోధకులు ఏం చేశారో తెలుసా? పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి చదును చేసి, పొద్దున వచ్చి అడుగులు చదివారు. కెమెరాలూ పెట్టారు. ఇప్పుడు ఒక్క గడి గీయండి. కుర్చీలో టార్చి ఒళ్ళో పెట్టుకుని నోరు తెరిచి నిద్రపోతున్న మనిషి. చదునైన మట్టి మీద మూడు వేళ్ళ అడుగులు ఎడమ నుంచి వచ్చి, ఆయన చెప్పుల చుట్టూ ఒక చుట్టు తిరిగి, కుడివైపు పొదలోకి పోయాయి. మాటలు వద్దు. చూసేవాడి కళ్ళు పిట్ట కోసం పొద దాకా పోతాయి. అదే మనకు కావాలి.

తెలుగుగంగ కాలువ తవ్వకం 2005లో దాని ఆవాసం దాకా వచ్చినప్పుడు గొడవైంది, తర్వాత కాలువ దారి మార్చారు. దీన్ని గీస్తే చాలామంది జేసీబీ డ్రైవరును రాక్షసుణ్ణి చేస్తారు. పాపం, ఆయనది రోజు కూలీ. బదులుగా మ్యాపు గీయండి. స్కేలు పెట్టి లాగిన నిటారు గీత, మూడు వేళ్ళ అడుగు దగ్గరికి రాగానే మర్యాదగా పక్కకు తప్పుకుంటుంది. స్కేలు మాత్రం వంగలేక విరిగింది.

ఇంటిపని: పళ్ళెంలో తడిమట్టి పోసి మూడు వేళ్ళతో పది అడుగులు వేయండి, అవి చూస్తూ గీయండి. వచ్చే పాఠం అలుగు. పొలుసులు చాలా ఉంటాయి, రబ్బరు పెద్దది కొనిపెట్టుకోండి.